చుట్టుదారి పట్టిన కాల్: ఫ్రాంక్ కెల్లీ లెక్కల్లో ఉన్నది, మన సిలబస్‌లో లేనిది

ఎస్టీడీ బూతుల కాలం చూసినవాళ్లకు ఆ రికార్డు గొంతు గుర్తుండే ఉంటుంది. ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయి, కాసేపాగి ప్రయత్నించండి అని. హైదరాబాద్ నుంచి విశాఖకు నేరుగా లైను లేకపోతే విజయవాడ మీదుగా తిప్పి కలపొచ్చుగా అని బూతులో నిలబడ్డవాళ్లలో చాలామందికి అనిపించే ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ సదుపాయాన్ని వెనకాముందూ చూడకుండా ఇచ్చేస్తే, ఒక్క మార్గంలో ఉన్న రద్దీ దేశం మొత్తానికి పాకుతుంది. తెగిన తీగ ఒక్కటీ లేకుండా, చెడిపోయిన యంత్రం ఒక్కటీ లేకుండా, నెట్‌వర్క్ చతికిలబడుతుంది. ఎంత రద్దీ దగ్గర ఇది జరుగుతుందో, ఎంత చిన్న సవరణతో ఆగుతుందో లెక్కగట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు కేంబ్రిడ్జి గణితవేత్త ఫ్రాంక్ కెల్లీది.

యాదృచ్ఛిక ప్రక్రియలను, అంటే ఎప్పుడేం జరుగుతుందో ముందే చెప్పలేని మార్పుల లెక్కలను, నెట్‌వర్క్‌ల మీద ఎలా ప్రయోగించాలన్నది ఆయన జీవితకాల పరిశోధన. రివర్సిబిలిటీ, స్టొకాస్టిక్ నెట్‌వర్క్‌ల మీద ఆయన 1979లో రాసిన పుస్తకాన్ని క్యూయింగ్ సిద్ధాంతం (వరసల, నిరీక్షణల గణితం) చదివేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తారు. 2008లో జాన్ వాన్ న్యూమన్ థియరీ ప్రైజ్, 2015లో ఐట్రిపుల్‌ఈ అలెగ్జాండర్ గ్రాహంబెల్ మెడల్ వచ్చాయి. మొదటిది ఆపరేషన్స్ రీసెర్చి వాళ్లు ఇచ్చేది, రెండోది టెలికాం ఇంజినీర్లు ఇచ్చేది. శుద్ధ గణితంలా కనిపించే పనికి ఇంజినీర్లు మెడల్ ఎందుకిచ్చారో తెలియాలంటే లెక్కలోకి దిగాల్సిందే. దిగితే ఇంకోటి కూడా తెలుస్తుంది: మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇదే సబ్జెక్టు ఎందుకంత నిస్సారంగా మిగిలిపోయిందో.

రెండు ఎర్లాంగులకు ఎన్ని లైన్లు?

కథ డెన్మార్క్‌లో మొదలవుతుంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కె. ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రం ప్రచురించాడు. ఇన్ని లైన్లు, ఇంత ట్రాఫిక్ ఉంటే ఎన్ని కాల్స్ కలవకుండా పోతాయో చెప్పే సూత్రం అది. ట్రాఫిక్ కొలతకు ఆయన పేరే పెట్టారు. గంటకు 40 కాల్స్ వస్తూ, ఒక్కో కాల్ సగటున 3 నిమిషాలు సాగితే మొత్తం 120 నిమిషాల మాట. గంటకు రెండు గంటల మాట కాబట్టి అది 2 ఎర్లాంగులు. సగటున రెండు లైన్లు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయన్నమాట. అలాగని రెండు లైన్లు వేసి ఊరుకుంటే నూటికి 40 కాల్స్ పోతాయి. సగటుకు సరిపడా కడితే చాలదు అన్నదే ఈ శాస్త్రం మొదటి పాఠం.

పాఠ్యపుస్తకాల్లో ఈ సూత్రాన్ని ఫ్యాక్టోరియల్స్‌తో రాస్తారు. ఆ రూపంలో లెక్క చేయబోతే ఎక్సెల్‌లో 170 దాటగానే ఫ్యాక్టోరియల్ చేతులెత్తేస్తుంది. పని చేసేవాళ్లు వాడేది మెట్ల పద్ధతి. లైన్లు సున్నా అయితే నష్టం (కలవని కాల్స్ వాటా) 1 అని మొదలుపెట్టాలి. తర్వాత ఒక్కో లైను కలుపుతూ పోవాలి. ట్రాఫిక్‌ను కిందటి మెట్టు నష్టంతో గుణించి, వచ్చిన లబ్ధాన్ని, అదే లబ్ధానికి ఈ మెట్టులోని లైన్ల సంఖ్య కలిపిన మొత్తంతో భాగించాలి. 2 ఎర్లాంగులకు రెండు లైన్ల దగ్గర నష్టం 0.4. మూడో లైనుకు 2ను 0.4తో గుణిస్తే 0.8, దాన్ని 3.8తో భాగిస్తే 0.21. నాలుగో లైనుకు 9.5 శాతం, ఐదో లైనుకు 3.7 శాతం, ఆరో లైనుకు 1.2 శాతం. అంతే. క్యాలిక్యులేటర్ ఉంటే రెండు నిమిషాల పని.

ఇప్పుడు అసలు రుచి. ఇలాంటివే పది చిన్న ఆఫీసులు, ఒక్కోదానికి 2 ఎర్లాంగులు, ఐదేసి లైన్లు. మొత్తం 50 లైన్లు, నష్టం 3.7 శాతం. ఆ పదింటినీ ఒకే గుంపుగా కలిపితే ట్రాఫిక్ 20 ఎర్లాంగులు. మెట్ల లెక్క చేస్తే 27 లైన్లకే నష్టం 2.7 శాతానికి దిగుతుంది. దాదాపు సగం లైన్లతో అంతకంటే మంచి సేవ! కాల్‌సెంటర్లు, బ్యాంకు కౌంటర్లు, క్లౌడ్ సర్వర్లు అన్నీ ఉమ్మడి క్యూ వైపు మళ్లడానికి మూలం ఇదే.

కన్సల్టెంట్ల స్లైడ్లు ఇక్కడితో ఆగిపోతాయి. మనం ఇంకో అడుగు వేద్దాం. ఒకరోజు అందరి దగ్గరా ట్రాఫిక్ 20 శాతం పెరిగింది. ఐదు లైన్ల చిన్న గుంపుకు 2.4 ఎర్లాంగులు వచ్చిపడితే నష్టం 3.7 నుంచి 6.2 శాతానికి పెరుగుతుంది. 27 లైన్ల ఉమ్మడి గుంపుకు 24 ఎర్లాంగులు వచ్చిపడితే 2.7 నుంచి 8.3 శాతానికి. మామూలు రోజున మెరుగ్గా ఉన్న ఏర్పాటే రద్దీ రోజున ఎక్కువ దెబ్బ తింటోంది. కారణం తేలికే. చిన్న గుంపులో ఖాళీగా పడి ఉన్న లైన్లు వృథా అనుకున్నాం, అవే మెత్తని దిండులా దెబ్బ కాచుకునేవి. పొదుపు పేరుతో ముందు ఆ దిండు తీసేశాం. సామర్థ్యం పెరిగినకొద్దీ సహనం తగ్గుతుంది. టెలిఫోన్‌కే కాదు, ఆస్పత్రి పడకల లెక్కకూ ఇదే వర్తిస్తుంది.

ఎర్లాంగ్ సూత్రానికి ఒక వింత బలం ఉంది, ఒక స్పష్టమైన బలహీనత ఉంది. బలం ఏమిటంటే, కాల్ ఎంతసేపు సాగుతుందన్నదాంట్లో సగటు ఒక్కటే ముఖ్యం. అందరూ కచ్చితంగా 3 నిమిషాలే మాట్లాడినా, తొమ్మిదిమంది అరనిమిషంలో ముగించి పదోవాడు పాతికన్నర నిమిషాలు సాగదీసినా నష్టం ఒక్కటే. దీన్ని ఇన్సెన్సిటివిటీ అంటారు. కెల్లీ 1979 పుస్తకం తేటగా చెప్పిన విషయాల్లో ఇదొకటి. ఆ పుస్తకంలో పట్టుకొమ్మ రివర్సిబిలిటీ. ఎక్స్‌ఛేంజిలో ఎన్ని లైన్లు బిజీగా ఉన్నాయో చాలాసేపు వీడియో తీసి, దాన్ని వెనక్కి తిప్పి చూపిస్తే, ఏది ముందుకు నడుస్తున్నదో ఏది వెనక్కి నడుస్తున్నదో చెప్పలేరు. 7 నుంచి 8కి ఎక్కిన సార్లూ, 8 నుంచి 7కి దిగిన సార్లూ దీర్ఘకాలంలో సమానమే. ఎక్కినమెట్టు దిగకుండా మళ్లీ ఎక్కలేం కదా! ఈ చిన్న సమతూకం పట్టుకుంటే పేజీల కొద్దీ సమీకరణాలు రెండు లైన్లలో తేలిపోతాయి.

బలహీనత మాత్రం మన అలవాట్లలో ఉంది. కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని, కలవని కాల్ మాయమైపోతుందని సూత్రం అనుకుంటుంది. కలవకపోతే ఊరుకునేవాళ్లెవరు? వెంటనే రీడయల్ కొడతారు. పరీక్ష ఫలితాల రోజున, తుపాను రాత్రి మీటరు చూపించే ట్రాఫిక్‌లో సగం మళ్లీ మళ్లీ కొట్టినదే కావచ్చు. ఆ అంకెను నేరుగా సూత్రంలో వేస్తే వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

కూలేది ఎక్కడ?

ఒక్క గుంపు లైన్ల నుంచి నెట్‌వర్క్‌కు వద్దాం. రెండు ఎక్స్‌ఛేంజిల మధ్య ఉండే లైన్ల గుంపును లింకు అందాం. దూరపు కాల్ రెండు మూడు లింకుల మీదుగా పోతుంది, ఏ ఒక్కటి నిండినా కాల్ పోతుంది. ఇంజినీర్లు చాలాకాలంగా ఒక ఉజ్జాయింపు వాడుతూ వచ్చారు. ప్రతి లింకూ మిగతావాటితో సంబంధం లేకుండా ఆటంకపరుస్తుందని అనుకోవడం, మిగతా లింకుల్లో పోయే కాల్స్‌ను తీసేసి మిగిలిన ట్రాఫిక్‌ను ఎర్లాంగ్ సూత్రంలో వేయడం, అంకెలు కుదురుకునేదాకా తిప్పడం. పనిచేసేది. ఎందుకు పనిచేస్తుందో గట్టి రుజువు లేదు. 1986లో కెల్లీ ఆ రుజువు ఇచ్చాడు. దారులు స్థిరంగా ఉంటే ఆ సమీకరణాలకు జవాబు ఒక్కటే ఉంటుంది, లింకులు పెద్దవయ్యేకొద్దీ ఉజ్జాయింపు నిజానికి దగ్గరవుతుంది.

'దారులు స్థిరంగా ఉంటే' అన్న మాట దగ్గర ఆగండి. చుట్టుదారులు అనుమతించిన మరుక్షణం ఆ హామీ ఎగిరిపోతుంది. 1990లో గిబెన్స్, హంట్‌లతో కలిసి కెల్లీ రాసిన పేపరు దీని గురించే.

లెక్క చిన్నదే. అన్ని ఎక్స్‌ఛేంజిల మధ్యా నేరు లింకులున్నాయి. ఒక్కో లింకుకు 1000 సర్క్యూట్లు (ఒక్కో సర్క్యూట్‌లో ఒక్క కాల్), ఒక్కోదాని సొంత ట్రాఫిక్ 940 ఎర్లాంగులు. చుట్టుదారి లేకపోతే నష్టం 0.2 శాతం, అంటే 940లో ఇంచుమించు రెండు. ఇప్పుడు నేరు లైను దొరకని కాల్‌కు ఇంకో ఊరి మీదుగా ఒక ప్రయత్నం ఇద్దాం. లింకు నిండి ఉండే అవకాశం ఎంతో అది ఒక అంకె. దాన్నీ, 1లోంచి దాన్ని తీసేస్తే వచ్చేదాన్నీ గుణించి, రెట్టింపు చేసి, 1 కలిపి, 940తో గుణిస్తే లింకు మీద పడే మొత్తం భారం వస్తుంది. రెట్టింపు ఎందుకంటే చుట్టుదారి కాల్ రెండు లింకుల మీద పడుతుంది. ఈ భారాన్ని ఎర్లాంగ్ సూత్రంలో వేస్తే మళ్లీ ఆ అంకే రావాలి.

సున్నాతో మొదలుపెట్టి తిప్పితే జవాబు సుమారు 0.3 శాతం దగ్గర కుదురుతుంది. అంతా క్షేమం. అదే 30 శాతంతో మొదలుపెట్టి తిప్పితే 19 శాతం దగ్గర ఆగిపోతుంది. అదే నెట్‌వర్క్, అదే ట్రాఫిక్, రెండు స్థితులు. రెండో స్థితిలో లింకులోని 1000 సర్క్యూట్లలో 760 మాత్రమే నేరు కాల్స్ చేతిలో ఉన్నాయి, 235 దాకా చుట్టుదారి కాల్స్ మింగేశాయి. ఒక్కో చుట్టుదారి కాల్‌కు రెండు సర్క్యూట్లు కాబట్టి ఆ 235 మోస్తున్నది 118 కాల్స్‌నే. మొత్తం 940లో దాదాపు 62 కాల్స్ పోతున్నాయి. సాయం చేద్దామని పెట్టిన ఏర్పాటు నష్టాన్ని రెండు నుంచి అరవై రెండుకు చేర్చింది.

ఎలా జరుగుతుందో మనసులో ఊహించుకోవచ్చు. దారి తప్పిన ఒక్క కాల్ రెండు లింకుల్లో చెరో సర్క్యూట్ ఆక్రమిస్తుంది. ఆ సర్క్యూట్లు దక్కాల్సిన రెండు నేరు కాల్స్‌కు చోటు లేక అవీ చుట్టు తిరుగుతాయి. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఒక పండగ సాయంత్రం వచ్చిన గంట రద్దీ నెట్‌వర్క్‌ను ఈ చెడు స్థితిలోకి తోసేస్తే, రద్దీ మామూలుకు తగ్గాక కూడా అది పైకి రాదు. ట్రాఫిక్ ఇంకా బాగా కిందికి పడాలి. కంట్రోల్ రూంలో కూర్చున్నవాడికి ఇది అంతుబట్టదు. నిన్న ఇదే ట్రాఫిక్‌కు ఇబ్బంది లేదు, ఈరోజు ఎందుకిలా? యంత్రాల్లో తప్పు వెతుకుతాడు. తప్పు యంత్రంలో లేదు, నియమంలో ఉంది.

మందు మరీ చవక. ట్రంక్ రిజర్వేషన్ అంటారు. లింకులో చివరి కొన్ని సర్క్యూట్లు నేరు కాల్స్‌కే. చుట్టుదారి కాల్ రావాలంటే ఆ కొన్నింటికి మించి ఖాళీలు ఉండాలి. పెద్ద లింకుకు కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సరిపోతాయి, నూటికి ఇన్ని అని శాతం పెట్టాల్సిన పని లేదు. లింకు దాదాపు నిండినప్పుడు వచ్చిపడే భారంలో నేరు కాల్స్ మాత్రమే మిగులుతాయి కాబట్టి గొలుసు అక్కడే తెగుతుంది. బస్సులో నాలుగు సీట్లు చివరి స్టాపు ప్రయాణికులకు అట్టిపెట్టడం లాంటిది కాదు ఇది. ఆ సీట్లు ఖాళీగా పోవు, కేవలం ఎవరికి ఇవ్వాలన్నది చివరి క్షణంలో మారుతుంది.

లాటరీతో నేర్చుకునే ఎక్స్‌ఛేంజి

ఇక ఏ ఊరి మీదుగా తిప్పాలన్న ప్రశ్న మిగిలింది. 1980ల్లో అమెరికాలో ఏటీ అండ్ టీ రోజులోని వేళలను బట్టి ముందే లెక్కగట్టిన దారుల పట్టికలు వాడింది. దేశం మొత్తం లింకుల స్థితిని ఒక కేంద్ర కంప్యూటర్‌కు పంపి, అది చెప్పిన దారిలో తిప్పే పద్ధతి ఇంకొకటి. రెండూ తెలివైనవే, రెండూ ఖరీదైనవే. పట్టిక అనుకోని రోజున తప్పుతుంది. కేంద్ర కంప్యూటర్‌కు అందే సమాచారం ఎప్పుడూ కొంత పాతబడే ఉంటుంది.

బ్రిటిష్ టెలికాం కోసం గిబెన్స్, కెల్లీ, పీటర్ కీ రూపొందించిన డైనమిక్ ఆల్టర్నేటివ్ రూటింగ్ చేసేది ఇంతే. లండన్ ఎక్స్‌ఛేంజి ఎడిన్‌బరోకు ఒక మధ్య ఊరి పేరు గుర్తుపెట్టుకుంటుంది, లీడ్స్ అనుకుందాం. కాల్ వస్తే ముందు నేరు లింకు చూస్తుంది. ఖాళీ లేకపోతే లీడ్స్ మీదుగా చూస్తుంది, రెండు లింకుల్లోనూ రిజర్వేషన్‌కు మించి ఖాళీ ఉంటేనే. కలిసిందా, లీడ్స్ పేరు అలాగే ఉంచుకుంటుంది. కలవలేదా, ఆ కాల్ పోయినట్టే, వెంటనే మధ్య ఊరి పేరు చీటీ తీసినట్టు మార్చేస్తుంది. ఈసారి బ్రిస్టల్ కావచ్చు. కేంద్రం లేదు, పట్టిక లేదు, పక్క ఎక్స్‌ఛేంజితో సంప్రదింపులు లేవు. ప్రతి జంటకూ గుర్తుంచుకోవాల్సింది ఒక్క పేరు.

చూడ్డానికి మొండి పద్ధతి. కానీ లెక్క వేసి చూడండి. లీడ్స్ దారిలో 20 కాల్స్‌కు ఒకటి పోతుందనుకుందాం, బ్రిస్టల్ దారిలో 5 కాల్స్‌కు ఒకటి. చీటీలో రెండూ సమానంగానే వస్తాయి. కానీ లీడ్స్ వస్తే సగటున 20 ప్రయత్నాల దాకా నిలుస్తుంది, బ్రిస్టల్ వస్తే ఐదింటికే పోతుంది. చుట్టుదారి కాల్స్‌లో నాలుగు వంతులు లీడ్స్‌కు, ఒక వంతు బ్రిస్టల్‌కు వాటంతటవే పంపకం అవుతాయి. ఎవరూ కొలవలేదు, ఎవరూ చెప్పలేదు. ఒక లింకు తెగితే ఆ దారిని పట్టుకున్న జంటలన్నీ ఒక్కో కాల్ పోగొట్టుకుని పక్కకు జరిగిపోతాయి. 1990ల్లో ఇది నిజమైన నెట్‌వర్క్‌లో పనిలోకి దిగింది.

నా దృష్టిలో కెల్లీ పని మొత్తంలో ఎక్కువ నేర్పేది ఇదే. యాదృచ్ఛికతను మనం సాధారణంగా తొలగించాల్సిన మురికిలా చూస్తాం. ఇక్కడ దాన్ని పనిముట్టుగా వాడుకున్నారు. వాడుకోగలిగింది కూడా నియమం ఎక్కడ కూలుతుందో ముందే తెలుసు కాబట్టి. రిజర్వేషన్ లేకుండా ఈ లాటరీని మాత్రమే అమలు చేసి ఉంటే పైన చెప్పిన 19 శాతం బురదలో దిగబడేది. తెలివైన అల్గారిథం కోసం కోట్లు పెట్టేముందు, మొద్దు నియమానికి సరైన కంచె వేస్తే ఎంత దూరం వెళ్తుందో చూడాలన్నది ఇప్పటి డేటా సెంటర్ల వాళ్లకూ పనికొచ్చే మాట. అక్కడా రెండు సర్వర్లను లాటరీగా ఎంచుకుని వాటిలో చిన్న క్యూ ఉన్నదానికి పని ఇవ్వడం మామూలైపోయింది.

టవర్ కింద న్యాయం

1986 అక్టోబర్‌లో ఇంటర్నెట్‌కూ ఇలాంటి పతనమే ఎదురైంది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. పోయిన ప్యాకెట్లను (డేటా ముక్కలను) అందరూ మళ్లీ మళ్లీ పంపడమే కారణం, మన రీడయల్ జబ్బే. వాన్ జాకబ్‌సన్ 1988లో ప్రచురించిన పద్ధతి దాన్ని ఆపింది. దారి బాగుంటే వేగం కొద్దికొద్దిగా పెంచు, ప్యాకెట్ పోతే ఒక్కసారిగా సగానికి తగ్గించు. పనిచేసింది, బాగానే ఉంది, కానీ ఇందులో ఎవరికి ఎంత దక్కుతోంది? అది న్యాయమేనా? ఈ ప్రశ్నను గణితంగా మార్చింది 1997, 1998లలో వచ్చిన కెల్లీ పేపర్లు, రెండోది మౌలూ, టాన్‌లతో కలిసి రాసినది.

రెండు లింకులు వరసగా ఉన్నాయనుకోండి, ఒక్కోటి 12 మెగాబిట్లు. ఒక దూరపు కనెక్షన్ రెండింటినీ వాడుతుంది, రెండు దగ్గరి కనెక్షన్లు చెరో లింకును వాడతాయి. అందరికీ సమానం అంటే ఆరేసి, మొత్తం 18. మొత్తం ఎక్కువ కావాలంటే దూరపువాడికి సున్నా, దగ్గరివాళ్లకు 12 చొప్పున, మొత్తం 24. కెల్లీ ప్రతిపాదించిన ప్రపోర్షనల్ ఫెయిర్‌నెస్ అందరి వేగాల లాగరిథంల మొత్తాన్ని గరిష్ఠం చేయమంటుంది. జవాబు దూరపువాడికి 4, దగ్గరివాళ్లకు ఎనిమిదేసి. రెండు వనరులు వాడుతున్నవాడికి తక్కువ, కానీ సున్నా మాత్రం కాదు. లాగరిథం వల్లే అలా అవుతుంది, ఎవరి వాటా సున్నాకు జారినా మొత్తం అధఃపాతాళానికి పోతుంది.

ఈ పంపకాన్ని సాధించడానికి కూడా కేంద్రం అక్కర్లేదు. రద్దీని బట్టి ప్రతి లింకూ ఒక ధర లాంటి సంకేతం పంపితే, ప్రతి కంప్యూటరూ తన వేగాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటే చాలు, అంతా కలిసి ఆ జవాబు దగ్గరకే చేరతాయి. చిక్కల్లా ఆలస్యంతో. సంకేతం చేరేలోపే గట్టిగా స్పందిస్తే, గీజర్ కుళాయి కింద నిలబడి ఒకసారి కాలిపోయి ఒకసారి వణికినట్టు వేగాలు ఊగిసలాడతాయి. రానూపోనూ పట్టే కాలం ఎంత ఎక్కువైతే స్పందన అంత మెల్లగా ఉండాలి. టీసీపీ, అంటే జాకబ్‌సన్ పద్ధతి ఇమిడి ఉన్న ఇంటర్నెట్ నియమావళి, సరిగ్గా ఈ లాగరిథం లెక్కే చేస్తుందని మాత్రం అనుకోకండి. దూరపు కనెక్షన్లకు అది ఇంకా అన్యాయం చేస్తుంది.

ఈ సూత్రం మాటకు మాట అమలైన చోటు మొబైల్ టవర్. మూడో తరం నుంచి ఇప్పటిదాకా బేస్‌స్టేషన్లు వాడే ప్రపోర్షనల్ ఫెయిర్ షెడ్యూలర్ (వంతు ఎవరిదో తేల్చే ప్రోగ్రాం) ప్రతి కొద్ది మిల్లీసెకన్లకు, ఫోర్‌జీలో అయితే మిల్లీసెకనుకోసారి, ఒక నిష్పత్తి చూస్తుంది. ఈ క్షణంలో ఈ ఫోనుకు ఎంత వేగం ఇవ్వగలను, ఇప్పటిదాకా సగటున ఎంత ఇచ్చాను? టవర్ పక్కనున్నవాడికి ఇప్పుడు 40 ఇవ్వొచ్చు, సగటు 20, నిష్పత్తి 2. ఊరి చివరనున్నవాడికి ఇప్పుడు 3 మాత్రమే ఇవ్వొచ్చు, కానీ సగటు 1, నిష్పత్తి 3. వంతు ఊరి చివరివాడిది. సిగ్నల్ ఒక క్షణం బాగై ఒక క్షణం పడిపోవడం, అంటే రేడియోలోని యాదృచ్ఛికత, ఇక్కడ కూడా లాభంగానే మారింది. ఎవరి సిగ్నల్ వాళ్ల మామూలుకంటే బాగున్న క్షణంలో వాళ్లకు వంతు వస్తుంది.

రోడ్ల గురించి ఒక్క మాట. కెల్లీ 2003 నుంచి 2006 దాకా బ్రిటన్ రవాణా శాఖకు ముఖ్య శాస్త్ర సలహాదారు. కొత్త రోడ్డు వేస్తే ప్రయాణం ఆలస్యమయ్యే వింతను జర్మన్ గణితవేత్త బ్రేస్ 1968లోనే చూపించాడు. 3000 వాహనాలు రెండు దారుల్లో సగం సగం పోతున్నాయి. ప్రతి దారిలోనూ ఒక ఇరుకు ముక్క (వాహనాల సంఖ్యను వందతో భాగిస్తే అన్ని నిమిషాలు), ఒక వెడల్పు ముక్క (ఎప్పుడూ 35 నిమిషాలు). ఒక దారిలో ఇరుకు ముందు, ఇంకోదాంట్లో తర్వాత. ఒక్కొక్కరికి 15, 35 కలిపి 50 నిమిషాలు. మధ్యలో క్షణంలో దాటే ఫ్లైఓవర్ వేస్తే అందరూ రెండు ఇరుకు ముక్కలే పడతారు, ఎందుకంటే ఎంత నిండినా అది 30 నిమిషాలే. మొత్తం 60. ఒక్కడు పాత దారికి పోదామన్నా 65. క్యూలు ఏర్పడే నెట్‌వర్క్‌లలోనూ ఇదే జరుగుతుందని 1990లో జోయెల్ కోహెన్‌తో కలిసి కెల్లీ చూపించాడు. మన నగరాల ఫ్లైఓవర్ ప్రకటనల్లో కడితే తప్పుతుందన్న నిమిషాలు ఉంటాయి, కట్టాక వాహనాలు దారి మార్చుకుంటే ఏమవుతుందన్న పేరా ఉండదు.

మన క్లాసులో ఏం జరుగుతోంది

ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) రెండో ఏట వచ్చే పీటీఎస్పీ, అంటే ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్ అనే సబ్జెక్టు ఇంజినీరింగ్ వాళ్లకు తెలిసిందే. ర్యాండమ్ వేరియబుల్‌తో మొదలై, మొమెంట్లు దాటి, స్టేషనరీ, ఎర్గోడిక్, ఆటోకోరిలేషన్, పవర్ స్పెక్ట్రల్ డెన్సిటీ మీదుగా నాయిస్ దగ్గర ముగుస్తుంది. రేడియో రిసీవర్ కట్టేవాడికి అవన్నీ కావాలి, కాదనను. కానీ అందులో యాదృచ్ఛికత అంటే సిగ్నల్‌ను పాడుచేసే శబ్దం మాత్రమే. మార్కోవ్ గొలుసులు (తర్వాతి అడుగు ఇప్పటి స్థితి మీదే ఆధారపడే ప్రక్రియలు), క్యూలు వేరే సబ్జెక్టులో, వేరే ఏడాదిలో, ఒక్క సర్వర్ సూత్రాలుగా వస్తాయి. ఎర్లాంగ్ సూత్రం స్విచింగ్ పేపర్లో పట్టిక చూసి జవాబు రాసే లెక్కగా వస్తుంది. మూడూ ఒకటేనని చెప్పే గంట ఎక్కడా లేదు.

నాకు అంతకంటే పెద్ద లోపంగా కనిపించేది ఇంకోటి ఉంది. పరీక్షలో అడిగేది సూత్రం. అది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో ఎవరూ అడగరు. 27 లైన్లు చాలని రాసినవాడికి పూర్తి మార్కులు, 20 శాతం రద్దీ పెరిగితే ఏమవుతుందని ప్రశ్న లేదు. కెల్లీ కేంబ్రిడ్జిలో పార్ట్ 3 (మాస్టర్స్ స్థాయి గణితం) విద్యార్థులకు చెప్పిన పాఠాల నుంచి ఎలీనా యుదోవినాతో కలిసి 2014లో తెచ్చిన స్టొకాస్టిక్ నెట్‌వర్క్స్ పుస్తకం చూస్తే తేడా తెలుస్తుంది. పెద్ద గ్రంథమేమీ కాదు. మార్కోవ్ గొలుసులతో మొదలై, క్యూలు, లాస్ నెట్‌వర్క్‌లు (చోటు లేకపోతే కాల్ పోయేవి), వికేంద్రీకృత నియంత్రణ దాటి ఇంటర్నెట్ రద్దీ దాకా ఒకే దారం మీద నడుస్తుంది. చుట్టుదారి కూలే కథ అందులో అనుబంధం కాదు, పాఠంలో భాగమే.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. ఒక ల్యాబ్ పీరియడ్, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. మొదటి కాలమ్‌లో 0 నుంచి 1000 దాకా లైన్ల సంఖ్య, పక్క కాలమ్‌లో మెట్ల పద్ధతి నష్టం, పైన ఒక గడిలో భారం. ఇంకో గడిలో లింకు నిండి ఉండే అవకాశం అంకె, దాని నుంచి భారం లెక్కించే సూత్రం, కింద 1000వ వరస చెప్పే కొత్త అంకె. ఆ కొత్త అంకెను పాత గడిలో చేత్తో టైపు చేస్తూ పోవాలి, గడులను ఒకదానికొకటి కట్టేస్తే సర్క్యులర్ రిఫరెన్స్ అని ఎక్సెల్ గోల పెడుతుంది. సగం మంది 0తో, సగం మంది 0.3తో మొదలుపెట్టాలి. ఓపిక ఉండాలి, పై స్థితి దగ్గర అంకెలు నెమ్మదిగా కదులుతాయి, నాలుగైదు సార్లకే ఆపేస్తే తప్పు జవాబు రాసుకుంటారు. పది పదిహేనుసార్లు తిప్పాక పక్కపక్కన కూర్చున్న ఇద్దరి స్క్రీన్ల మీద ఒకరికి 0.003, ఇంకొకరికి 0.19 కనిపిస్తాయి. నీది తప్పంటే నీది తప్పని వాదించుకోవడం మొదలవుతుంది. అప్పుడు 940 స్థానంలో 900 వేయమనండి. ఇద్దరి జవాబులూ ఒక్కచోటికి వస్తాయి.